మార్కులా, మార్క్సా?

సంపాదకులకు నమస్కారం.

తెలుగులో ఇంగ్లీషు మాటలు పెరిగిపోతున్నాయని బాధపడే ఉత్తరాలు ఈ శీర్షికలో తరచూ వస్తుంటాయి. మాటలు వలస రావడం కొత్తేమీ కాదు. పోర్చుగీసు నుంచి మేస్త్రీ, అలమార వచ్చాయి. ఉర్దూ మీదుగా జేబు, ఖర్చు వచ్చాయి. సి.పి. బ్రౌన్ 1854లోనే ఇలాంటి వాటికి విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశారు. నా ఫిర్యాదల్లా పత్రికల్లో అవి అచ్చవుతున్న తీరు మీద.

పరాయి మాట మన నోట పడగానే చివర ఉకారం చేరుతుంది. దానికి ముందు హ్రస్వం ఉంటే హల్లుకు ఒత్తు పడుతుంది: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘమైతే ఒత్తు అక్కర్లేదు: కారు, సీటు, రైలు. (రోడ్డు మాత్రం ఈ లెక్కకు లొంగలేదు.) ఇక బహువచనం దానంతటదే వస్తుంది. చెట్టు చెట్లయినట్టే సీటు సీట్లయింది, వేలు వేళ్లయినట్టే రైలు రైళ్లయింది. రూలు అయితే రూళ్లకర్రలో ఎప్పుడో కలిసిపోయింది. అలాగని పూర్తి చుట్టరికమూ దొరకదు. ఏరు ‘ఏటిలో’ అవుతుంది గాని కారు ‘కారులో’ దగ్గరే ఆగిపోతుంది. మంచిదే, లేకుంటే ఎక్కినవాళ్లంతా కాటికి పోవాల్సి వచ్చేది!

క్రియలకు దారి ఇంకా ఇరుకు. ఉర్దూ వాటిని దబాయించు, బనాయించు, చలాయించు అని మలుచుకున్నాం. ఇంగ్లీషు వాటికి ‘చేయు’, ‘అవు’ ఊతం కావాలి: బుక్ చేశాడు, బుక్ అయింది.

ఇంత పని జనం చేసిపెట్టాక టికెట్స్, ఫైల్స్, మార్క్స్ అని అచ్చువేయడం దేనికి? ‘స్’ బహువచనమని తోచనివారు దాని మీద మళ్లీ ‘లు’ తగిలిస్తారు. ‘పదిలో తగ్గిన మార్క్స్’ అని శీర్షిక పెడితే అది కమ్యూనిస్టుల వార్తేమో అనుకోవాలి.

ఇంగ్లీషు మాటలకు బదులుగా కొత్తగా కట్టిన తెలుగు మాటలదీ ఇదే కథ. చరవాణి కాగితం దాటలేదు. ఫోను, సెల్లు అప్పటికే నోట నలిగాయి; రెండక్షరాలతో పోయేదానికి నాలుగు ఎవరు మోస్తారు? గుత్తేదారు నిలబడిందంటే ‘గుత్తకివ్వడం’ ముందే వాడుకలో ఉండబట్టి. అందులోని ‘దారు’ పారశీకమే లెండి.

డెస్కులో ఒక్క అలవాటు చాలు: ‘స్’ తీసి ‘లు’ పెట్టి పైకి చదివి చూడండి. జనం అనే మాటే అయితే దాన్నే వేయండి. రీల్స్‌ను మాత్రం కదపనక్కర్లేదు. సినిమాను కొలిచినవి రీళ్లు, ఫోన్లో చూసేవి రీల్స్. అక్కడ బహువచనమే రెండర్థాలను విడదీసింది.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి