ఇవి నిజంగానే చెత్త కబుర్లు

ఒరేయ్ మామా,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. తిట్టుకో, కానీ ఇది చదివాక. పరీక్షలు అయ్యాయి, బాగానే రాశాను. చెల్లికి ఉద్యోగం వచ్చింది. నాన్న మోకాలు పర్వాలేదు. ఇంటి సంగతులు అంతే. ఇక అసలు విషయం, కడుపు ఉబ్బిపోతోంది చెప్పకపోతే.

మా క్యాంపస్‌లో చెత్త ఆడిట్ చేశాం. నవ్వకు! "వీడా, చెత్త గురించా?" అనుకుంటున్నావు కదూ. నా మంచం కింది మ్యూజియం సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, నువ్వూ నోరు మూసుకో.

హాస్టల్, లైబ్రరీ డబ్బాల్లో ఒక రోజు పోగైన చెత్తంతా తెచ్చి టార్పాలిన్ మీద కుమ్మరించాం. గ్లవ్స్, మాస్కులు వేసుకుని, దేనికది వేరు చేసి కాటా వేయాలి. మొదటి సంచీ మూతి విప్పగానే సగంమంది ఉత్సాహం ఆవిరైపోయింది. ఆ కంపు గురించి రాయనులే, నువ్వు తింటూ చదివే రకం.

మావాడొకడు మెరిసే చిప్స్ ప్యాకెట్లన్నీ లోహం కుప్పలో వేస్తున్నాడు. లైబ్రరీలో ఊడ్చే అక్క కాసేపు చూసింది, చూసింది, ఇక ఉండబట్టలేక వచ్చి ఒక ప్యాకెట్ గుప్పెట్లో నలిపి వదిలింది. అది టపటపమని మళ్లీ విచ్చుకుంది. "చూశావా బాబూ, ఇది ప్లాస్టిక్. రేకైతే నలిపినట్టే ఉండిపోద్ది" అని, ఒక అల్యూమినియం రేకు నలిపి చూపించింది. అది ఉండలా అలాగే ఉండిపోయింది. తర్వాత కాగితం కుప్పలోంచి నానిపోయిన పేపర్ కప్పు తీసి, అతుకు దగ్గర చింపి, గోటితో గీకింది. లోపలి నుంచి పల్చటి పొర లేచి వచ్చింది. "ఇదుంది కాబట్టే కారదు. ఇదుంది కాబట్టే పాత పేపర్లతో కలిపి వేస్తే తీసుకోరు." పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పూత అని మనం పుస్తకంలో చదివిందే మామా! ఒక్కడైనా గీకి చూశామా?

అసలు దెబ్బ ఆ తర్వాత. లైబ్రరీ సంచీల్లో కాగితమంతా ఎంగిలి, నూనె పట్టి పాడైపోయింది. నూనె పట్టిన కాగితం మిల్లులో పనికిరాదు. పిల్లలకు బుద్ధి లేదని మేమంతా తిట్టుకుంటుంటే అక్క అడిగింది: "మెట్ల దగ్గర నీలం డబ్బా, పొడి చెత్తది, ఒక్కటే పెట్టారు. ఎంగిలి ప్లేటు చేతిలో ఉన్నోడు ఎక్కడ పారేస్తాడు?" అందరం నోళ్లు తెరిచాం.

మీటింగ్‌లో ఏం తేల్చారో తెలుసా? పోస్టర్లు! అదీ ప్లాస్టిక్ లామినేషన్ చేసినవి, వాటిని మళ్లీ ఎవడు రీసైకిల్ చేస్తాడు? నాకు మండిపోయింది. నయం, మా మేడమ్ ఒకావిడ అడ్డుపడ్డారు. 2009లో అమెరికాలో ఒక యూనివర్సిటీలో చేసిన పరిశోధన గురించి చెప్పారు. డబ్బా మూతకు వేయాల్సిన వస్తువును బట్టి కన్నం పెడితే, అంటే బాటిళ్లు, క్యాన్లకు గుండ్రంగా అన్నమాట, వాటి రీసైక్లింగ్ 34 శాతం పెరిగిందట, తప్పుడు చెత్త పడటం 95 శాతం తగ్గిందట. పోస్టర్లు ఆగిపోయాయి. ఇప్పుడు ప్రతిచోటా తడి, పొడి డబ్బాలు పక్కపక్కనే.

కానీ ఆ మీటింగ్‌కి అక్కను పిలవలేదు రా. ఏళ్లుగా మన బాటిళ్లు, మన ఎంగిలి వేరు చేస్తున్న మనిషి. రిపోర్టులో ఆవిడ పేరు వేద్దామంటే వచ్చిన జవాబు... వద్దులే, కలిసినప్పుడు చెప్తా. రాస్తే పెన్ను విరుగుతుంది.

ఆవిడ ఇంకో మాట అంది, హాస్టల్ ఖాళీ చేసే వారమే అన్నిటికంటే ఘోరమని. పరుపులు, బకెట్లు, ఒక్క వైపే రాసిన నోటు పుస్తకాలు, పనిచేసే టేబుల్ ల్యాంపులు కూడా చెత్తలోకే వెళ్తాయట. అందుకే ఈసారి కింది గది అడిగాం. వెళ్లేవాళ్లు అక్కడ పెట్టి వెళ్లాలి, కొత్తగా వచ్చేవాళ్లు తీసుకోవాలి. విరిగినవి మాత్రం తీసుకోం. అంటే నీ చారిత్రక కుర్చీకి చోటు లేదు, ఎంత బతిమాలినా! గది ఇస్తారో లేదో గానీ వార్డెన్ మొహం చూస్తే

అరె, కాటా తీసుకెళ్లడానికి మనిషి వచ్చాడు, సంతకం పెట్టాలట. పరుపుల గురించి ఇంకా చాలా ఉంది, తర్వాత రాస్తా. జవాబు రాయి, బద్ధకిస్తే కుర్చీ కథ మీ వాళ్లందరికీ చెప్తా.

నీ,
మ్యూజియం ఓనర్