జైల్లో పెడితే గంజాయి అలవాటు పోతుందా?

సంపాదకులకు,

గంజాయి కేసులో బెయిలు మీద వచ్చిన కుర్రాళ్లు నెల తిరక్కుండా మళ్లీ దొరికారని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. వాళ్లకు బుద్ధి రాలేదన్నట్టే ఉంది ఆ వార్త. లోపల ఉన్నన్నాళ్లూ వాళ్లకు ఏ వైద్యం అందిందో ఒక్క ముక్క లేదు.

మా వీధి అబ్బాయొకడు ఇలాగే రిమాండుకు వెళ్లాడు. మొదటి వారమంతా నిద్ర లేదు, అన్నం సయించలేదు, కనిపించినవాళ్ల మీదల్లా విరుచుకుపడ్డాడు. గంజాయి మానేసినప్పుడు అలాగే ఉంటుందని అక్కడ ఎవరికీ తట్టలేదు. పొగరనుకుని నాలుగు తగిలించారు. తాగుడు అలవాటున్నవాళ్ల పరిస్థితి ఇంకా ప్రమాదం. మందు ఆగిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. కొన్ని సెంట్రల్ జైళ్లలో డీ-అడిక్షన్ సెంటర్లు పెట్టారు, సంతోషం. మరి ఆ మొదటి రోజులు గడిచే సబ్‌జైళ్ల సంగతేమిటి?

చట్టంలో దారి లేక కాదు. మత్తు పదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం 39వ సెక్షన్ కింద, మత్తు వాడినందుకో కొద్దిపాటి సరుకు దొరికినందుకో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి, అతను ఒప్పుకుంటే, కోర్టు శిక్షకు బదులు చికిత్సకు పంపవచ్చు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ అయితే, అలాంటి కేసుల్లో తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకునేవాడికి విచారణ నుంచే రక్షణ ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్రానికి కనీసం ఒక జైల్లో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంది. మత్తు వల్ల వచ్చే జబ్బులూ దాని పరిధిలోవే. ఈ సెక్షన్ల మాట నిందితుల ఇళ్లలో ఎవరు చెబుతున్నారు? తీహార్ జైల్లో 2008లోనే హెరాయిన్ అలవాటున్న ఖైదీలకు ఆ అలవాటు మాన్పించడానికి వాడే బుప్రెనార్ఫిన్ అనే మందుతో చికిత్స మొదలుపెట్టారు. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేరు?

ఏటా జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినమని, పిల్లల్ని ఎండలో ర్యాలీకి నడిపిస్తారు. పట్టుకున్న గంజాయిని తగలబెట్టి ఫొటోలు దిగుతారు. ఎన్ని కిలోలు కాల్చారో మీ పేపర్లోనే చదువుతాం. ఎంతమంది ఖైదీల చేత మాన్పించారో ఏ అధికారీ చెప్పడు, ఏ విలేకరీ అడగడు. రోడ్డు గుంతల దగ్గర్నుంచి రేషన్ దాకా మన ఆఫీసుల్లో ఇదే వరస, ఫొటో పడితే పని అయిపోయినట్టే.

జైల్లోకి తీసుకున్న రోజునే డాక్టరు పరీక్షించి వ్యసనం ఉందో లేదో రాయాలి. విడుదల రోజున దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి చీటీ రాసివ్వాలి, ఇంటివాళ్లకు మత్తు మాన్పించే 14446 హెల్ప్‌లైన్ నంబరు చెప్పాలి. హెరాయిన్ లాంటివి వాడి కొన్నాళ్లు మానినవాడు బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే చచ్చిపోవచ్చన్న సంగతి కూడా ఆ రోజే చెప్పాలి. వచ్చే ప్రెస్‌మీట్‌లో మీ విలేకరి జైళ్ల అధికారులను ఇవి అడిగి, వాళ్లిచ్చిన జవాబును అదే జిల్లా పేజీలో వేయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనకాపల్లి