రైల్వే మంత్రి గారూ, చక్రం గుండ్రంగానే ఉందో లేదో కూడా కొలిపించండి

రైల్వే మంత్రి గారికి నమస్కారం.

నల్లగొండ నుంచి రాస్తున్నాను. 2023లో మా ఊరి మీదుగా తిరుపతి వందేభారత్, మహబూబ్‌నగర్ మీదుగా యశ్వంత్‌పూర్ వందేభారత్ వచ్చాయి, బీబీనగర్–గుంటూరు డబ్లింగ్‌కు (రెండో లైను వేయడానికి) కేబినెట్ ఆమోదం కూడా ఆ ఏడాదే దొరికింది. చాలా సంతోషం. కానీ స్పీడు మాట వచ్చినప్పుడల్లా పట్టాలు, సిగ్నళ్ల గురించే వింటున్నాం, చక్రాల ఊసు పెద్దగా వినపడదు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి వినండి. పట్టా అతుకు చప్పుడైతే ఉన్నచోటే ఉంటుంది. ఒక్కోసారి ఒకే పెట్టె కింద టక్ టక్ మంటూ రైలుతో పాటే వెళ్లిపోయే చప్పుడు ఉంటుంది చూశారా, అది ఫ్లాట్ టైర్. బ్రేకు పడినప్పుడు చక్రం తిరగకుండా జారితే, రాసుకున్న చోట చదునవుతుంది, ఆ వేడికి అక్కడి ఉక్కు పెళుసై తర్వాత పెచ్చులూడుతుంది. పట్టా తడిగా ఉంటే ఇది ఇంకా తేలిక. సింగిల్ లైన్లో క్రాసింగ్ కోసం ఆగి ఆగి పోయే మా రూట్లో బ్రేకులకు పని ఎక్కువ.

హైస్పీడ్ రైళ్లలో ఇంకో రకం అరుగుదల ఉంది, అది కంటికి ఆనదు. ఎప్పుడూ ఒకే రూట్లో ఒకే వేగంతో నడిస్తే బోగీ (పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం), పట్టా ఒకే లయలో కంపించి, అరిగిన చోటే మళ్లీ అరిగి చక్రం బహుభుజి అవుతుంది. చైనా రైళ్లలో చక్రం చుట్టూ 20 దాకా ఎత్తుపల్లాలు కనిపించాయి. 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 29 చుట్లు తిరిగే చక్రానికి అది సెకనుకు 580 దెబ్బలు! చక్రాన్ని చెక్కి గుండ్రం చేసే లేత్ యంత్రం మీద, చక్రాన్ని మూడు వైపులా బిగించే దవడల పట్టు సరిగా కుదరకపోయినా చక్రానికి మూడు మూలలు తేలతాయి.

జర్మనీలో గుండ్రం తప్పిన చక్రాల అదురు తగ్గించడానికే రబ్బరు మీద ఉక్కు రింగు తొడిగిన చక్రాలు పెట్టారు. 1998 జూన్ 3న ఎషెడే దగ్గర ఆ రింగు ఒకటి విరిగి, రైలు పట్టాలు తప్పి 101 మంది చనిపోయారు. అదురుతోందని సిబ్బంది అంతకుముందే చెప్పారు. మనవి అలాంటి చక్రాలు కావు, నేను భయపెట్టట్లేదు, సిబ్బంది మాట వినమంటున్నాను.

చక్రం పట్టాను ఎంత గట్టిగా కొడుతోందో కొలిచే వీల్ ఇంపాక్ట్ లోడ్ డిటెక్టర్లు మన రైల్వేకు కొత్త కాదు, డబ్లింగ్ పనులతో పాటే మా లైన్లో కూడా ఏర్పాటు చేయించండి. డిపోలో ఫ్లాంజ్ (చక్రం పట్టా దిగకుండా ఆపే అంచు) మందం కొలిచే రోజే గుండ్రం కూడా కొలవాలి. పెట్టె అదురుతోందని ఎవరైనా రాసిస్తే, ఆ చక్రం లేత్ మీదికి ఏ తేదీన వెళ్లిందో ఆన్‌లైన్లో పెట్టండి.

ఇట్లు,
నల్లగొండ ప్రయాణికుడు