ప్రార్థించి, మా పక్కన నిలబడిన మీ అందరికీ కృతజ్ఞతలు

ప్రభువునందు ప్రియులైన సంఘస్థులకు, బంధువులకు, స్నేహితులకు వందనాలు.

డెంగ్యూతో గుంటూరులో ఆసుపత్రిలో చేరిన మా నాన్నగారు డిశ్చార్జ్ అయి ఇంటికి వచ్చారు. దేవునికి స్తోత్రం. ఫోన్ చేసిన అందరితో విడిగా మాట్లాడటం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి రక్తస్రావం మొదలయ్యేసరికి, ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు కావాలన్నారు డాక్టర్లు. అవి సాధారణంగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు, బ్లడ్ బ్యాంకులో ఎప్పుడూ సిద్ధంగా దొరకవు. దాత వచ్చి మిషన్ దగ్గర గంట, గంటన్నర కూర్చోవాలి. యౌవనస్థుల గ్రూపులో మెసేజ్ పెట్టగానే తమ్ముళ్లు పనులు మానుకుని వచ్చారు. వాళ్లలో ఒక అబ్బాయి మన సంఘం కాదు, క్రైస్తవుడూ కాదు. స్నేహితుడు చెప్పాడని తెనాలి నుంచి బండి మీద వచ్చేశాడు. బాబూ, మా ఇంటిల్లిపాదీ నీకు రుణపడి ఉంటాం.

పాస్టర్ గారు, పాస్టరమ్మగారు ఉపవాస ప్రార్థనలో నాన్నగారి పేరు ఎత్తి ప్రార్థించారు. స్త్రీల సమాజం వాళ్లు వంతులు వేసుకుని క్యారేజీలు తెచ్చారు.

ఒక సాయంత్రం రిపోర్టు ఇంకా రాలేదు, అమ్మ ముద్ద ముట్టడం లేదు. క్యారేజీ తెచ్చిన పెద్దమ్మగారు ఐసీయూ బయట బెంచీ మీదే దాన్ని విప్పి ప్రార్థన చేశారు. స్వస్థత అడగడానికి ముందే ఆ అన్నం కోసం, డాక్టర్ల కోసం, ప్లేట్‌లెట్లు ఇచ్చిన పిల్లల కోసం స్తోత్రాలు చెల్లించారు. తర్వాత అమ్మకు బైబిల్లోని అపొస్తలుడైన పౌలు సంగతి చెప్పారు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. ఓడ తుఫానులో కొట్టుకుపోతోంది, అందులో 276 మంది, రోజుల తరబడి తిండి లేదు. ఒడ్డు చేరకముందే పౌలు రొట్టె పట్టుకుని అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెప్పి తిన్నాడు. అది చూసి మిగతావాళ్లూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. అమ్మ కూడా తింది. రిపోర్టు ఎలా వస్తుందో తెలియని ఆ టెన్షన్‌లో చెప్పిన స్తోత్రమే మమ్మల్ని నిలబెట్టింది.

ఇప్పుడు మా కుటుంబ ప్రార్థనలో పిల్లలు కూడా ఆ రోజు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంటున్నారు. వార్డు ఊడ్చిన ఆయమ్మను, లిఫ్ట్ దగ్గర దారి చూపిన వాచ్‌మన్‌ను కూడా.

శనివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. ప్లేట్‌లెట్లు ఇచ్చిన తమ్ముళ్లందరూ తప్పకుండా రావాలి, భోజనం ఇక్కడే. నాన్నగారికి ఇంకా నీరసం తగ్గలేదు, మీ ప్రార్థనల్లో మరువకండి.