నాన్నగారూ, కిటికీలన్నీ అయిపోయాయి

విశాఖ పెదవాల్తేరులో మేం కొత్తగా దిగిన ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. పాత ఇల్లు. కిటికీ ఊచల మీద చెయ్యి వేస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలేది. పనివాళ్ళు చెప్పిన లెక్క మా వల్ల అయ్యేది కాదు. ఫోన్లో ఆ మాట అనగానే "నేనొస్తానమ్మా, భయమేటి?" అన్నారు నాన్నగారు. డెబ్బై రెండేళ్ళ వయసులో, గుడ్డసంచిలో వైరు బ్రష్షూ ఎమరీ పేపర్లూ పెట్టుకుని, తొమ్మిది రోజులు గాజువాక నుంచి బస్సెక్కి వచ్చారు.

మొదటి కిటికీ ఆయన గీకారు, నేను చూశాను. రెండోది నేను గీకాను, ఆయన చూశారు. మూడోదాని దగ్గర మా అబ్బాయి చేతిలో బ్రష్షు ఉంది, ఆయన వరండాలో టీ తాగుతున్నారు.

గీకడం అయ్యాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి. పొడిబట్టతో తుడిచి, బాగా ఆరాక, ఆ సాయంత్రంలోపే తుప్పు పట్టకుండా ఆపే రెడ్ ఆక్సైడ్ పెయింటు వేసెయ్యాలి. ఒక ఊచ వెనకవైపు నేను మరిచిపోయాను. తెల్లారేసరికి దానిమీద నారింజరంగు పొడి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఎమరీ ముక్క చింపి నా చేతికిచ్చారు.

చిన్నప్పుడూ ఇంతే. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్. నైట్ షిఫ్ట్ చేసొచ్చి కూడా నన్ను స్టూలెక్కించి, నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యానుకి రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సర్ మార్పించారు. మెయిన్ ఆపడానికి ముందు టెస్టర్‌ని కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూపించారు. టెస్టరే పాడైపోతే లైటు వెలగదు, వైర్లో కరెంటు లేదనుకుని మనం ముట్టుకుంటాం. ఆడపిల్లకి ఈ పనులెందుకని బంధువులు అంటూనే ఉన్నారు. ఆయన వినిపించుకోలేదు. ఈ రోజుకీ నేను ముందు టెస్టర్‌ని చూసుకోకుండా ఏ స్విచ్ బోర్డూ విప్పను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మా పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. నాన్నగారు స్కూటర్ బ్యాటరీకి చిన్న బల్బు కట్టి వంటింట్లో వేలాడదీశారు. తర్వాత ఆ పనసకొమ్మల్ని కోయించి, కోసిన చివర్లకి మైనం పూసి, నీడలో ఏడాది పైనే ఆరబెట్టారు. అప్పటినుంచే ఆయనకి చెక్కపని సరదా పట్టుకుంది. అమ్మకొకటి, నాకొకటి పప్పుగుత్తి చెక్కారు. నాదాని పిడి నా అరచేతి కొలతకి, కొంచెం సన్నగా ఉంటుంది. పదేళ్ళ వాడకానికి తేనెరంగు తిరిగింది.

నిచ్చెన అరువిచ్చిన పక్కింటి పిన్నిగారికి కూడా కృతజ్ఞతలు.

నాన్నగారూ, ఇది అమ్మ ఫోన్లో చదువుతారని తెలుసు. ఎదురుగా చెప్పబోతే "ఊరుకోమ్మా" అంటారని ఇక్కడ రాస్తున్నాను. మీకు చాలా చాలా కృతజ్ఞతలు. మేడమీద గేటొకటి మిగిలింది, ఆదివారం నేనూ మీ మనవడూ మొదలుపెడతాం. మీరు కుర్చీలో కూర్చుని చూడండి చాలు. మధ్యాహ్నం పనసపొట్టు కూర చేస్తాను.