గటక గిన్నె పక్కన ఏం పెట్టుకుంటున్నవు?

జగిత్యాల

బిడ్డా,

నువ్వు పంపిన రక్తపరీక్ష కాగితం చూసిన. ఎ1సి, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 6.0 ఉంటే షుగర్ వచ్చినట్టు కాదు, గడప దాక వచ్చినట్టు. 5.7 నుంచి 6.4 దాక అంత ఆ గడప లెక్కనే. భయపడేది లేదు, మర్చిపోయేది కూడ లేదు. అన్నం మొత్తం బంద్ చేసి పొద్దుమాపు మక్కరవ్వ ఉడికించిన గటకనే తింట, నాయినమ్మ తిని అంత గట్టిగ బతికింది గద అన్నవు. ఫోన్ల చెప్తే సగమే వింటవు, అందుకే కూసోని రాస్తున్న.

నాయినమ్మ గటక తిని గట్టిగ బతికిన మాట నిజమే. ఏం పని చేసుకుంట తిన్నదో కూడ యాది చేసుకో. కోడి కూసినంక విసుర్రాయి ముందట కూసునేది, పొద్దెక్కినంక చేన్ల కలుపు, మాపటికి గడ్డిమోపు నెత్తిన పెట్టుకోని ఇంటికి. తిన్నదంత ఆ పనికే కరిగేది. నువ్వు డల్లాస్‌ల కుర్చీల నుంచి లేసి కార్ల కూసుంటవు, కార్ల నుంచి దిగి సోఫాల కూసుంటవు. అదే గిన్నెడు గటక మీ ఇద్దరి ఒంట్ల ఒక్క తీరుగ పనిచెయ్యదు.

ఇగ గటకల ఏమున్నదో చూద్దాం. నేను బడిల పాఠం చెప్పినట్టు ఉంటది, ఓపిక పట్టు. మన హైదరాబాద్‌ల తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017ల అచ్చేసిన పట్టికల ప్రకారం, వంద గ్రాముల ఎండు మక్కలల్ల పిండిపదార్థం దాదాపు 65 గ్రాములు, పీచు 12, మాంసకృత్తులు 9. తెల్ల బియ్యంల పిండిపదార్థం 78, పీచు 3 కూడ దాటదు. ఇది చూసి మక్కలే గెలిచినయనుకోకు. ఆ 12 గ్రాముల పీచు పొట్టుతో సహా ఉన్న గింజది. మనం తడిపి దంచి పొట్టు చెరిగేస్తం, మిల్లుల పట్టిస్తే జల్లెడ పట్టేస్తం. పొట్టు పోతే పీచుల శానా భాగం దానెంబడే పోతది. మిగిలిన రవ్వ ఎంత దొడ్డుగుంటే అంత నిమ్మళంగ అరుగుతది, మెత్తటి పిండైతే గబగబ చక్కెరైతది. కాబట్టి గటక తింటే షుగర్ దిగుతదని ఎవరన్న చెప్తే నమ్మకు. దొడ్డు రవ్వ గటక తెల్లన్నం కంటె కొంత నయం, అంతే. కొలత మించితే రెండూ ఒకటే.

ఇంకో ముచ్చట నీకు నచ్చకపోవచ్చు. వేల ఏండ్ల నుంచి మనోళ్లు తిన్న తిండి అన్నవు. జొన్నల సంగతి చెప్తే ఒప్పుకుంట. మక్కలు మాత్రం నువ్విప్పుడున్న ఖండంల పుట్టినయి. కొలంబస్ పోయొచ్చినంకనే తతిమా లోకానికి తెలిసినయి. అంటే నువ్వు పోయింది మక్కల పుట్టింటికే.

ఆ పుట్టింటోళ్ల దగ్గర నేర్చుకునేది ఒకటున్నది. మెక్సికో, గ్వాటెమాల దిక్కు జనం మక్కలను ఊకె ఉడికించి తినరు. సున్నపు నీళ్లల్ల ఉడికించి, రాత్రంత నాననిచ్చి, కడిగి, అప్పుడు రుబ్బి రొట్టె చేస్తరు. మూడు వేల ఏండ్ల కిందటి నుంచే ఈ పద్ధతి ఉన్నది. మక్కలల్ల నియాసిన్ అనే బి3 విటమిన్ ఉంటది గని, మన పేగులు గుంజుకోలేనట్టు బిగుసుకోని ఉంటది. సున్నం దాన్ని విడదీస్తది, కాల్షియం కూడ కలుపుతది. మక్కలను యూరప్‌కు మోసుకపోయినోళ్లు గింజ తీస్కపోయిన్రు గని సున్నం ముచ్చట పట్టించుకోలే. 1735ల స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ మక్కలే దిక్కైన పేదలల్ల ఒక రోగం చూసి రాసిపెట్టిండు. ఎండ తగిలిన కాడ తోలు నల్లబడి లేసిపోవుడు, విరేచనాలు, ఆఖరికి మతి తప్పుడు. ఇటలీ ఉత్తరాన పొలెంటా తినే పల్లెలల్ల అదే రోగానికి పెల్లాగ్రా అని పేరు పడ్డది. పొలెంటా అంటే వేరే ఏం కాదు, వాళ్ల గటకనే.

నీ టెక్సాస్ ఉన్న అమెరికా దక్షిణాదిల కూడ వందేండ్ల కింద ఇది లక్షల మందిని పట్టింది. అంటురోగమని అందరు భయపడితే, జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు 1915ల మిసిసిపీ జైలు పొలంల తామంతట ఒప్పుకున్న ఖైదీలకు మక్కపిండి, గ్రిట్స్ అనే మక్కరవ్వ, తెల్లన్నం, చక్కెరపాకం లెక్కటి తిండే పెట్టిండు. కొన్ని నెలలకే 11 మందిల 6గురికి రోగమొచ్చింది. తిండిల లోపమే కారణమని అట్ల తేలింది. ఆ లోపం నియాసిన్‌దని 1937ల కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిండు.

మనదంత దూరం కాదు. 1960ల సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు మన దక్కన్‌ల జొన్న తినే పేదలల్ల ఇదే పెల్లాగ్రా గురించి రాసిన్రు. జొన్నలల్ల లూసిన్ అనే మాంసకృత్తుల ముక్క (అమైనో ఆమ్లం) ఎక్కువుండుడు వల్ల అని వాళ్ల వాదన. మక్కలల్ల కూడ లూసిన్ ఎక్కువే. ఆ వాదన మీద తర్వాత శానా చర్చ నడిచింది గని, గిన్నెల జొన్న తప్ప ఇంకోటి అంతగ లేని పేదలల్లనే ఆ రోగం ఎక్కువ కనబడ్డది.

అందుకే నేను అడిగేది ఒక్కటే. గటక పక్కన ఏం పెట్టుకుంటున్నవు? మక్కల మాంసకృత్తులల్ల లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. లైసిన్ పప్పుల దండిగుంటది. ట్రిప్టోఫాన్ నుంచి ఒళ్లు నియాసిన్ చేసుకుంటది, అది గుడ్డుల, పాలల్ల, సల్లల దొరుకుతది. పల్లీలల్ల నియాసినే తయారుగుంటది. నాయినమ్మ ఈ పేర్లు ఏవీ ఎరగదు. అయినా పుంటికూర పప్పు లేంది గటక ముద్ద నోట్ల పెట్టేది కాదు. మాపటి గటక మిగిలితే సల్లల పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంట పొద్దున తాగేది. చల్లారిన గటకల పిండిపదార్థం కొంత తొందరగ అరగకుంట మారుతది కూడ. చేన్ల మనిషికి ఆ సల్లగటక ఎంత సుఖమో ఎండల పనిచేసినోళ్లకే తెలుస్తది.

గటకతోని పచ్చిపులుసు ఒక్కటే పోసుకోని తినుడు నీకు మస్తు ఇష్టమని తెలుసు. వారానికొక్కసారి తిను, రోజు మాత్రం వద్దు.

ఇప్పుడు అక్కడి దుకాణం సంగతి. గ్రిట్స్ అని అమ్మేటియి మన రవ్వ లెక్కనే ఉంటయి. ఇన్‌స్టంట్ అన్నది తేకు, అది ముందే ఉడికించి ఆరబెట్టింది, ఇట్టే చక్కెరైతది. స్టోన్ గ్రౌండ్ అని రాసుంటే తరచుగ మొలక భాగం కూడ ఉంటది, నూనె ఉంటది కాబట్టి ఫ్రిజ్‌ల పెట్టు, లేకుంటే కమరువాసనొస్తది. ఎన్‌రిచ్డ్ అని ఉంటే నియాసిన్, ఇనుము బయటినుంచి కలిపిన్రన్నట్టు. మాసా హరీనా అన్నది సున్నపునీళ్లల్ల ఉడికించిన మక్కల పిండి. రొట్టెకు బాగుంటది, గటకకు మాత్రం మెత్తనైతది. కార్న్ స్టార్చ్ జోలికి పోకు, అది ఉత్త గంజిపొడి. ఇంకోటి, ఇదంత చదివి నువ్వే తమలపాకుల సున్నం గటకల కలిపేవు, ఆ పని చెయ్యకు.

ఇంటి మక్కరవ్వ పంపమన్నవు. ఇప్పుడైతే పంపను. వానలకు గోదాంల నెమ్ము పట్టినయి. బూజు పట్టిన మక్కలల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతది, అది ఉడికించినా పోదు. 1974ల రాజస్థాన్ బాన్స్‌వాడా, గుజరాత్ పంచమహల్ జిల్లాలల్ల వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని కాలేయం చెడి వంద మందికి పైగ సచ్చిపోయిన్రు. కోళ్లదాణకే మంచి మక్కలు ఏరి కొంటున్రు, మనం తినేదానికి ఇంకెంత చూసుకోవాలె! యాసంగి మక్కలు ఎండల కటకట ఎండినంక, నేనే ఏరి, దొడ్డుగ పట్టించి పంపుత.

అప్పటిదాక గ్రిట్స్‌తోనే కానీ. రవ్వ పావు గ్లాసు మించొద్దు, దానికి నాలుగింతల నీళ్లు. గిన్నెల సగం పప్పు, ఆకుకూర ఉండాలె, గటక పావు భాగమే. ఒక గుడ్డు గని, గ్లాసెడు సల్ల గని. తిన్నంక అల్లున్ని తీస్కోని పావుగంటన్న నడువు, ఆయనకు కూడ పొట్ట వస్తున్నది. మీ డాక్టర్‌ను అడిగి మూడు నెలలకు మళ్ల పరీక్ష చేయించుకో, కాగితం నాకు పంపు. బాపుకు మాత్రం అంకె చెప్పకు, రాత్రంత నిద్రపోడు.

మీ అమ్మ