గుత్తి నుంచి ఒక డౌటు

గుత్తి,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

మ్యాథ్స్ క్లబ్ మీటింగుకి ఒకసారి వెళ్లాననీ, సీనియర్లు బోర్డు మీద రాసినదాంట్లో సగం కూడా అర్థం కాలేదనీ, ఇక వెళ్లననీ మొన్న చెప్పావు. ఫోన్లో ఏమనాలో నాకు తోచలేదు. అందుకే రాస్తున్నాను.

మన గుత్తిలో ఒకప్పుడు వి. రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టరు ఉండేవారు. ఉద్యోగం రెవెన్యూలో, ప్రాణమంతా లెక్కల మీద. కొత్త పుస్తకాలూ పత్రికలూ ఒక్కరే కొనుక్కోవడం కష్టమైన కాలం అది. తలా కొంత చందా వేసుకుని తెప్పించుకుందామని 1906 చివర్లో తనలాంటి వాళ్లకు ఉత్తరాలు రాశారు. 1907లో 20 మందితో ఎనలిటిక్ క్లబ్ మొదలైంది. పుస్తకాలు పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో ఉండేవి, పోస్టులో సభ్యుల దగ్గరికి వెళ్లొచ్చేవి. అదే ఇప్పటి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. రామానుజన్ మొదటి పేపరు 1911లో అచ్చయింది వాళ్ల పత్రికలోనే.

ఆ పత్రికలోనే రామానుజన్ √(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ ఎంత అని అడిగారు. నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. జవాబు 3. ఎలాగంటే, 3 అంటే √9, ఆ 9 అంటే 1+2×4. ఆ 4 అంటే √16, ఆ 16 అంటే 1+3×5. ఇలా విప్పుకుంటూ పోవడమే.

డిగ్రీ రెండో ఏడాదిలో ఇది చూసి నాకు నిద్ర పట్టలేదు. కానీ ఒక డౌటు వచ్చింది. 4ని కూడా ఇలాగే విప్పొచ్చు కదా? 16 అంటే 1+2×7.5. ఆ 7.5ని మళ్లీ విప్పొచ్చు. మరి జవాబు 4 ఎందుకు కాదు? మా కాలేజీలో మ్యాథ్స్‌కీ ఫిజిక్స్‌కీ అసోసియేషన్లు ఉండేవి. ఏడాదికోసారి ముఖ్య అతిథికి దండ వేసేవారు, అంతే. ధైర్యం చేసి ఒక లెక్చరర్‌ని అడిగితే, పరీక్షలో రాదు, కూర్చో అన్నారు. కూర్చున్నాను. మళ్లీ ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్లుగా బళ్లో లెక్కలు చెబుతున్నా ఆ బాధ పోలేదు.

ఏమీ అర్థం కాకుండా గంటసేపు కూర్చోవడం ఎంత టెన్షనో నాకు తెలుసమ్మా. తెలియని మాటలు నోట్‌బుక్‌లో రాసుకో. మీటింగయ్యాక టీ దగ్గర ఒక సీనియర్‌ని ఒక్క మాట అడుగు. అక్కడ మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు. కొన్నాళ్లకు నువ్వే 20 నిమిషాలు అడిగి ఈ లెక్క చెప్పు. మనకు ఎక్కడ తెలియదో బోర్డు ముందు నిలబడ్డప్పుడే బయటపడుతుంది, రోజూ నాకు అనుభవమే. ఫిజిక్స్ క్లబ్ వాళ్లు టెలిస్కోపు పెడతారన్నావు, ఆ రాత్రి కూడా వెళ్లు.

ముందు ఈ శుక్రవారం వెళ్లి నా డౌటు అడుగు. మా నాన్నది అని చెప్పు. జవాబు ఫోన్లో వద్దు. స్టెప్పులన్నీ కాగితం మీద రాసి పంపు, నేనూ ఇక్కడ చేసి చూసుకుంటాను.

మీ నాన్న